లోలకము నుండి స్ఫటికము దాకా: గడియారాల పరిశ్రమ కథ

గడియారము అను మాటలోనే గడియ ఉన్నది. గడియ అనగా 24 నిమిషములు. పూర్వము మన దేశములో, అడుగున సన్నని రంధ్రము గల గడియకుడుకను నీటిపాత్రలో తేలవిడిచి, అది నిండి మునిగిన వెంటనే గంట కొట్టెడివారు. పగలు రేయి కలిసి 60 గడియలు. ఆ కుడుకను కనిపెట్టుకొని రాత్రింబవళ్లు ఒక మనిషి కూర్చుండవలసివచ్చెడిది. ఆ మనిషి చేయు పనిని ఒక యంత్రమునకు అప్పగించుట ఎట్లు? గడియారాల చరిత్ర అంతయు ఈ ప్రశ్న చుట్టును తిరిగినది. అయితే యంత్రము మారినప్పుడెల్ల దానిని చేయు మనుష్యుల బ్రతుకులును మారినవి. ఈ ప్రసంగములో ఆ రెండు కథలను కలిపి చెప్పుకొందము.

ఏ గడియారమునకైనను మూడు అంగములు ఉండవలెను. నడుపుటకు ఒక శక్తి, కాలమును సమాన భాగములుగా ఖండించుటకు మానక ఊగునట్టి ఒక వస్తువు, లెక్కను చూపుటకు ముల్లు. శక్తి బరువు రూపమున నుండవచ్చును, చుట్టిన స్ప్రింగు రూపమున నుండవచ్చును. గడియారము మంచిదో కాదో తేల్చునది మాత్రము నడుమనున్న ఆ ఊగు వస్తువే. అది ఎంత నిలుకడగా ఊగిన, గడియారము అంత నిజము చెప్పును.

1656లో హాలెండు దేశపు శాస్త్రజ్ఞుడు క్రిస్టియాన్ హైగెన్సు గడియారమునకు లోలకమును కూర్చినాడు. అంతకు పూర్వము రోజుకు పావుగంట తప్పుటయు వింతగా తోచని గడియారములు, లోలకము వచ్చిన పిమ్మట రోజుకు పదిహేను సెకండ్ల తప్పునకు దిగివచ్చినవి. కాని లోలకమును జేబులో పెట్టుకొనుట కుదరదు. అందువలన 1675లో ఆయనయే ఒక చిన్న చక్రమునకు సన్నని చుట్టల స్ప్రింగును అమర్చినాడు. నేటికిని బజారులో గడియారములు బాగుచేయువారు బ్యాలెన్సు, హెయిర్ స్ప్రింగు అని పిలుచునవి ఇవియే.

ఈ విద్యకు తరువాతి శతాబ్దమున ఇంగ్లండు పీఠమైనది. నడిసముద్రమున ఓడ ఏ రేఖాంశము మీద నున్నదో తెలియవలెనన్న, బయలుదేరిన రేవు కాలమును తప్పక చూపు గడియారము కావలెను. అట్టి ఉపాయము చూపినవారికి 20,000 పౌనులు ఇత్తుమని 1714లో పార్లమెంటు శాసనము చేసినది. జాన్ హారిసన్ అను వడ్రంగి తన జీవితమునంతటిని ఆ పనికి ధారపోసి, 1759లో తన నాలుగవ గడియారమును పూర్తిచేసినాడు. జమైకాకు సాగిన ప్రయాణములో 81 దినములకు అది తప్పినది సుమారు ఐదు సెకండ్లు మాత్రమే. అయినను పండితుల సంఘము ఆ వడ్రంగిని సులభముగా నమ్మలేదు. చివరి మొత్తము పార్లమెంటు ద్వారా 1773లో అతనికి చేరునాటికి అతనికి 80 ఏండ్లు.

ఇంతటి పనితనము గల దేశము పందొమ్మిదవ శతాబ్దములో ఈ పరిశ్రమను పోగొట్టుకొన్నది. చేతిపనియే గొప్పదని నమ్మిన లండను పనివారును వర్తకులును, 1843లో ఇంగోల్డు అను స్విస్సు నిపుణుడు యంత్రములతో గడియారములు చేయు సంఘమును స్థాపింపబూనగా గట్టిగా ఎదిరించినారు. ఆ ప్రయత్నము విఫలమైనది.

అప్పటికే స్విట్జర్లాండులోని జూరా పర్వతములలో మరియొక పద్ధతి వేరూనినది. అచట శీతకాలము దీర్ఘము. మంచు కప్పిన పొలములో పని ఉండదు. రైతు కుటుంబములు కిటికీ పక్కన బల్ల వేసుకొని, ఒకరు చక్రములు, ఒకరు మరలు, ఒకరు ముళ్లు చేసెడివారు. వర్తకుడు ఆ భాగములను సేకరించి కూర్పించి అమ్మెడివాడు. పని పంచుకొనుట వలన ధర తగ్గినది. స్విస్సు గడియారము లోకమంతట వ్యాపించినది.

వారికి మొదటి దెబ్బ అమెరికా నుండి తగిలినది. మసాచుసెట్సులోని వాల్తం అను ఊరిలో ఆరన్ డెనిసన్, ఆయన సహచరులు గడియారపు ప్రతి భాగమును యంత్రముతో ఒకే కొలతకు కోసి, ఏ భాగమైనను ఏ గడియారమునందైనను ఇమిడిపోవునట్లు చేసినారు. అమెరికాకు స్విస్సు ఎగుమతులు 1872లో సుమారు 1 కోటి 80 లక్షల ఫ్రాంకులుండగా, 1876 నాటికి 50 లక్షలకు లోబడినవి. ఆ ఏడాది ఫిలడెల్ఫియాలో జరిగిన ప్రదర్శనమునకు స్విస్సువారు లాంజీన్ సంస్థ ఇంజనీరు జాక్ డేవిడును పంపినారు. ఆయన అమెరికా కర్మాగారములను పరిశీలించి వచ్చి, మనము యంత్రములను ఆదరింపనిచో నశింతుమని దాపరికము లేకుండ నివేదిక వ్రాసినాడు. చదువుటకు చేదుగానున్నను ఆ నివేదికను స్విస్సువారు క్రమముగా అమలుపరచినారు. ఇంగ్లండు చేయలేనిది వారు చేసినారు. కావుననే తరువాతి తొంబది ఏండ్లు ఆ పరిశ్రమ వారి చేతిలో నిలిచినది.

రెండవ దెబ్బ మూలము మా రేడియో రంగమునకు దగ్గరి చుట్టము. క్వార్ట్జు స్ఫటికమును నొక్కిన విద్యుత్తు పుట్టునని 1880లో జాక్ క్యూరీ, పియర్ క్యూరీ సోదరులు కనుగొన్నారు. విద్యుత్తు నిచ్చిన ఆ స్ఫటికము తిరిగి కంపించును. ఆ కంపనము మిక్కిలి నిలుకడైనది. రేడియో ప్రసారకేంద్రము తనకు కేటాయించిన తరంగము నుండి తొలగిపోకుండుటకు ఇట్టి స్ఫటికమునే వాడినారు. తరంగమును నిలుపగల వస్తువు కాలమును మాత్రమేల నిలుపలేదు? 1927లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో వారెన్ మారిసన్, హోర్టన్ అనువారు మొదటి స్ఫటిక గడియారమును నడిపినారు. అది పెద్ద పెట్టెలలో అమరినది. చేతికి కట్టుకొను మాట అప్పటికి కలలోనిది.

దానిని చిన్నది చేయు పోటీ 1960 తరువాత ముమ్మరమైనది. ఆ ఏడాదియే మాక్స్ హెట్జెల్ అను స్విస్సు ఇంజనీరు ఆలోచనతో, సెకండుకు 360 మార్లు కంపించు శ్రుతిదండము గల గడియారమును బులోవా సంస్థ అమ్మకమునకు పెట్టినది. 1962లో స్విస్సు సంస్థలు కలిసి న్యూషాటెల్ పట్టణములో ఎలక్ట్రానిక్ గడియారాల కేంద్రమును నెలకొల్పగా, 1967లో ఆ కేంద్రము చేతికి కట్టుకొను స్ఫటిక గడియారపు నమూనాను చేసి చూపినది. అనగా క్రొత్త విద్య స్విస్సువారికి తెలియనిది కాదు. వారి చేతిలోనే ఉన్నది. అయినను దానిని మొదట అంగడికి తెచ్చినది జపాను. 1969 డిసెంబరు 25న సీకో సంస్థ ఆస్ట్రాన్ గడియారమును టోక్యోలో విడుదల చేసినది. ధర 4,50,000 యెన్నులు, ఆనాడు ఒక చిన్న కారు ధర. తప్పు నెలకు ఐదు సెకండ్లు. అందులోని స్ఫటికము సెకండుకు 8,192 మార్లు కంపించును. పిదప లోకమంతట స్థిరపడిన లెక్క 32,768. ఈ సంఖ్యను పదిహేను మార్లు సగము చేసిన ఒకటి మిగులును; ఆ ఒకటియే సెకండు.

కొద్ది ఏండ్లలోనే ధరలు అడుగంటినవి. 1970లో స్విట్జర్లాండులో సుమారు 90 వేల మంది గడియారముల పనిమీద బ్రతికెడివారు. 1980 దశాబ్ది మధ్యకు మిగిలినవారు 30 వేల పైచిలుకు మాత్రమే. ఈ పతనమునకు స్ఫటికమొక్కటే కారణమనుట సరికాదు. స్విస్సు ఫ్రాంకు విలువ పెరిగి వారి సరుకు ప్రియమైనది. 1973 చమురు సంక్షోభము కొనువారి చేతులు కట్టివేసినది. వందల కొలది చిన్న సంస్థలుగా చీలియున్న పరిశ్రమ ఒక్క త్రాటిపై నడువలేకపోయినది. వీటికి తోడు, తమ పళ్లచక్రములు పరిపూర్ణమైనవన్న అభిమానమును ఉండెను. జాక్ డేవిడ్ కాలమున విన్న చెవి ఈసారి ఆలస్యముగా విన్నది.

ఈ ఘట్టమున ఒక పనివాని కథ తప్పక చెప్పవలెను. ల లోక్ల్ పట్టణములోని జెనిత్ గడియారాల సంస్థను 1971లో చికాగోకు చెందిన అదే పేరుగల రేడియో కంపెనీ కొన్నది. 1975లో ఆ యజమానులు, ఇక మర గడియారములు వలదు, ఆ పనిముట్లను తుక్కుక్రింద అమ్మివేయుడని ఆజ్ఞాపించినారు. వాటిలో గంటకు 36,000 మార్లు ఊగు ఎల్ ప్రిమెరో యంత్రపు పనిముట్లును ఉండెను. షార్ల్ వెర్మో అను కార్యశాల పెద్ద ఆ మాట వినలేదు. అచ్చులను, కోత పనిముట్లను, నకళ్లను కొద్దికొద్దిగా మోసి అటకమీద దాచి, ఏది ఎందులకో వ్రాసి ఉంచినాడు. దాదాపు తొమ్మిది ఏండ్లకు ఆ యంత్రము మరల కావలసివచ్చినపుడు ఆ అటకయే సంస్థను ఆదుకొన్నది. క్రొత్తదానిని కాదనుట ఇంగ్లండు చేసిన తప్పు. పాతదానిని తుక్కు చేయుట చికాగో యజమానులు చేసిన తప్పు. వెర్మో ఈ రెండవ తప్పును సరిదిద్దినాడు.

మొదటి తప్పును సరిదిద్దినది 1983లో వచ్చిన స్వాచ్ గడియారము. 51 భాగములతో, ప్లాస్టిక్కు ఒంటితో, స్ఫటికముతో స్విస్సువారే చవుకగా చేసిన గడియారమిది. దాని రాబడితో పరిశ్రమ ఊపిరి తీసుకొన్నది. అటుపిమ్మట పాత పళ్లచక్రముల గడియారమునకును విలువైన వస్తువుగా ఆదరము మరల కలిగినది.

మన దేశములో ఈ కథ త్వరత్వరగా నడచినది. 1961లో హిందూస్థాన్ మెషీన్ టూల్స్ సంస్థ జపానుకు చెందిన సిటిజన్ సహకారముతో బెంగుళూరులో గడియారముల తయారీ ప్రారంభించినది. పెండ్లిలో అల్లునికి హెచ్.ఎం.టి. గడియారము పెట్టుట తెలుగునాట ఒక మర్యాదయైనది. 1980 దశాబ్ది ఆరంభమున హైదరాబాదు ఆల్విన్ సంస్థ సీకో సహకారముతో గడియారములు చేసినది. 1984లో ఏర్పడిన టైటాన్, స్ఫటికమునే నమ్ముకొని ముందుకు సాగినది. నేడు ఆల్విన్ గడియారము లేదు, హెచ్.ఎం.టి. వారి గడియారాల సంస్థను మూసివేయుటకు 2016లో ప్రభుత్వము నిర్ణయించినది.

నా చిన్ననాట రేడియోలో వార్తలకు ముందు టిక్కుమను ధ్వనులు వినబడగానే, మా నాన్నగారు చేతిగడియారపు కీ పైకిలాగి ముల్లు సరిచేసుకొనెడివారు. 1967 నుండి సెకండు అనగా సీజియం పరమాణువు విడుచు తరంగపు 9,192,631,770 స్పందనలు. అంతటి నిశితమైన కాలము నేడు జేబులోని ఫోనుకు అడుగకయే అందుచున్నది. అయినను మా వీధి మొగలో ఒక వృద్ధుడు కంటికి అద్దము బిగించుకొని బ్యాలెన్సు చక్రమును ఊదుచు కూర్చుండును. మొన్న నాన్నగారి గడియారమును ఆయనకు ఇచ్చితిని. రెండు దినములకు తిరిగి ఇచ్చుచు, "రోజూ ఒకే వేళకు కీ ఇవ్వండి బాబూ, ఇంకా చాలా ఏళ్లు నడుస్తుంది" అన్నాడు. ఆయన దగ్గర ఆ పని నేర్చుకొనువారు ఎవరును లేరు. ఆయన బల్లమీది పనిముట్లకు అటక చూపు వెర్మో మన ఊరిలో ఎవరో తెలియవలసియున్నది.