బ్యాంకు మాత్రం తెరవలేదు

2013 ఏప్రిల్ 23, మంగళవారం. బంగ్లాదేశ్‌లో ఢాకా పక్కన సావర్. రానా ప్లాజా పై అంతస్తులు కుట్టుమిషన్ల మోతతో అదురుతున్నాయి. ఉన్నట్టుండి ఏదో విరిగినట్టు పెద్ద చప్పుడు. మూడో అంతస్తు స్తంభాల్లో బీటలు! ఆడపిల్లలు మిషన్లు వదిలేసి మెట్ల వైపు పరుగెత్తారు. ఇంజనీరు వచ్చి చూశాడు. ఖాళీ చేయమన్నాడు. భవనం యజమాని సోహెల్ రానా విలేకరులతో గోడ పెచ్చు ఊడిందంతే అన్నాడు. పొద్దున్నే మళ్లీ పనికి రమ్మని కబురొచ్చింది.

బుధవారం ఉదయం. ఏప్రిల్ ఉక్క. కింద దుకాణాల షట్టర్లు లేవలేదు. అదే భవనంలో ఉన్న బ్యాంకు సిబ్బంది ఎవరూ రాలేదు, వాళ్ల యాజమాన్యమే రావద్దంది. పైనున్న ఐదు గార్మెంట్ ఫ్యాక్టరీల వాళ్లు మాత్రం గేటు బయట గుంపుగా నిలబడ్డారు. ఒక్క ఫ్యాక్టరీలోనూ యూనియన్ లేదు. అప్పటి కనీస వేతనం నెలకు 3,000 టాకాలు. లోపలికి వెళ్లకపోతే నెల జీతం ఆపేస్తామన్నారు సూపర్‌వైజర్లు.

వాళ్లకు బీటలు కనబడలేదా? కనబడ్డాయి. ఆ కప్పు కింద కూర్చోమంటే ప్రాణం ఒప్పుకోలేదు, కానీ నెలాఖరు దగ్గర పడింది, గది అద్దె కట్టాలి, కొట్లో బియ్యం బాకీ తీర్చాలి, ఊళ్లో అమ్మకు డబ్బు పంపాలి, వెళ్లనంటే వెనక నిలబడి మాట్లాడే మనిషి ఒక్కరూ లేరు. మెట్లెక్కారు.

కాసేపటికి కరెంటు పోయింది. పై అంతస్తుల్లో డీజిల్ జనరేటర్లు గుర్రుమన్నాయి. భవనం వణికింది.

కూలడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. 1,134 మంది చనిపోయారు.

అంతకు చాలా ఏళ్ల ముందు ఆ దేశంలోనే కల్పనా అక్తర్ అనే అమ్మాయి పన్నెండేళ్ల వయసులో కుట్టుమిషన్ ముందు కూర్చుంది. కొన్నేళ్లు పోయాక ఒక కార్మిక చట్టం క్లాసుకు వెళ్లింది. తమలాంటి వాళ్లకూ చట్టం ఒకటుందని ఆమెకు తెలిసింది అప్పుడే. తిరిగొచ్చి తోటివాళ్లకు చెప్పింది. ఉద్యోగం పీకేశారు. అయినా చెప్పడం మానలేదు. కానీ తెలిసినంత మాత్రాన గేటు దగ్గర సూపర్‌వైజర్‌కి కాదని చెప్పే బలం ఎక్కణ్నుంచి వస్తుంది?

రానా ప్లాజా కూలిన మరుసటి నెలే, మేలో, విదేశీ బట్టల కంపెనీలూ కార్మిక సంఘాలూ ఫ్యాక్టరీల భద్రత కోసం ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అందులో అప్పుడు రాసుకున్నది ఇదీ: ఉల్లంఘించిన కంపెనీని చట్టపరంగా నిలదీయొచ్చు. భవనం ప్రమాదంగా ఉందనుకోవడానికి సరైన కారణముంటే కార్మికురాలు లోపలికి రానని చెప్పొచ్చు. లోపలుంటే లేచి బయటికొచ్చేయొచ్చు. జీతం కోయకూడదు. వేధించకూడదు. భద్రతా పాఠాలు చెప్పడానికి వచ్చే బృందాలకు ఫ్యాక్టరీ తలుపులు తెరవాలి, ఆ బృందాల్లో యూనియన్ ప్రతినిధులూ ఉంటారు.