గడప దాటని పాస్‌వర్డ్

1983లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం, ఐబీఎం, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీల అండతో ప్రాజెక్ట్ ఎథీనా మొదలుపెట్టింది. విద్యార్థి క్యాంపస్‌లో ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా తన ఫైళ్లు, మెయిలు, ప్రింటరు అందాలన్నది దాని ఆశయం. చిక్కంతా భద్రత దగ్గరే వచ్చింది. నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్ పంపితే దారిలో ఎవరైనా కాజేయవచ్చు. పోనీ, ప్రతి సర్వరూ విడివిడిగా అడిగితే చదువు సాగేదెప్పుడు?

ఆ ముడి విప్పింది స్టీవ్ మిల్లర్, క్లిఫర్డ్ న్యూమన్‌లు రూపొందించిన కెర్బెరాస్ అనే గుర్తింపు వ్యవస్థ. 1978లో రోజర్ నీధమ్, మైకేల్ ష్రోడర్ ప్రచురించిన పద్ధతి దానికి పునాది. అందరి రహస్యాలూ ఒకే సర్వరు దగ్గర ఉంటాయి. పేరు చెప్పగానే, ఆ వ్యక్తి పాస్‌వర్డ్ నుంచి పుట్టిన కీతో ఎన్‌క్రిప్ట్ చేసిన జవాబు అక్కడి నుంచి వస్తుంది. సరైన పాస్‌వర్డ్ కొడితే అది ఎదురుగా ఉన్న కంప్యూటర్లోనే విడివడుతుంది. లోపల కొన్ని గంటలే చెల్లే టికెట్ ఉంటుంది. దాన్ని చూపి మెయిలుకొకటి, ప్రింటరుకొకటి వేరే టికెట్లు తెచ్చుకోవచ్చు. పాస్‌వర్డ్ మాత్రం ఎక్కడికీ ప్రయాణించదు. ఇన్నేళ్లయినా ఈ ఏర్పాటులోని అందం తగ్గలేదు.

1988లో బిల్ బ్రయంట్ ఈ తర్కాన్నంతా నాలుగు రంగాల సంభాషణగా రాశాడు. అందులో ఎథీనా అనే పాత్ర ఒక ఉపాయం చెబుతుంది, యూరిపిడీస్ అనే మరో పాత్ర దానిలో లొసుగు పట్టుకుంటాడు, ఆమె మళ్లీ మొదలుపెడుతుంది. భద్రత గురించి ఇంత హాయిగా చదివించే రచనలు అరుదు.

2000 ఫిబ్రవరిలో వచ్చిన విండోస్ 2000 ఈ కెర్బెరాస్‌ను ఆఫీసులకు తెచ్చింది. అయితే టికెట్లో మైక్రోసాఫ్ట్ తన సొంత సమాచారం కొంత చేర్చి, దాని వివరాలను మొదట వ్యాపార రహస్యమనే షరతు మీద ఇచ్చింది. అందరిదైన ప్రమాణం మీద అలాంటి షరతు పెట్టడం తగని పని. దాని మీద వచ్చిన విమర్శ న్యాయమైనదే.

అలా ఆఫీసులకు చేరిన కెర్బెరాస్ అక్కడి వెబ్‌సైట్లకూ పనికొచ్చింది. కంపెనీ లోపలి సైటు తెరిస్తే సర్వరు ముందు 401 అనే కోడ్‌తో తిప్పికొట్టి, ‘నెగోషియేట్’ అంటుంది, అంటే ఎవరో రుజువు చూపమంటుంది. బ్రౌజరు ఆ సైటు పేరు మీద టికెట్ తెచ్చి అందిస్తుంది. ఉద్యోగి పొద్దున విండోస్‌లో లాగిన్ అయ్యుంటే చాలు, సెలవుల సైటుకూ జీతాల సైటుకూ మళ్లీ ఏమీ టైపు చేయనక్కర్లేదు. గడియారాలు మాత్రం కలవాలి. తేడా అయిదు నిమిషాలు మించితే, మామూలు సెట్టింగుల్లో, టికెట్ చెల్లదు.

ఇదంతా ఒక సంస్థ నెట్‌వర్క్ లోపలి మాట. వేరే కంపెనీ సైటుకు ఆ టికెట్ పనికిరాదు. అందుకోసం 2002లో శామ్ల్ (SAML) అనే ప్రమాణం, 2005లో విండోస్ సర్వర్ 2003 ఆర్2తో పాటు మైక్రోసాఫ్ట్ వారి ఏడీఎఫ్ఎస్ (ADFS) వచ్చాయి. తన ఉద్యోగి ఎవరో కంపెనీ సంతకం చేసి చెబుతుంది, ఆ సంతకాన్ని నమ్మి అవతలి సైటు తలుపు తీస్తుంది.