టాంజానియాలో చదువు: అందరికీ బడి, కొందరికే నిచ్చెన

ఆఫ్రికా తూర్పు తీరాన హిందూ మహాసముద్రానికి ఆనుకుని ఉన్న దేశం టాంజానియా. 1961 డిసెంబరు 9న టాంగన్యీకా పేరుతో స్వతంత్రమై, 1964లో జాంజిబార్ ద్వీపాలతో కలిసి ఈ పేరు పొందింది. బడి ఎవరి కోసం అన్న ప్రశ్నకు ఈ దేశం మొహమాటం లేకుండా ఒక జవాబు చెప్పింది. ఆ జవాబుకు తగిన మూల్యమూ చెల్లించింది. ఆ కథ మనబోటి చదువుకున్న కుటుంబాలవారు తెలుసుకోదగ్గది.

జర్మన్ల పాలనలో ప్రభుత్వ బడులు వెలిసింది గుమాస్తాల కోసం, చిన్న ఉద్యోగుల కోసం. మొదటి ప్రపంచయుద్ధం తరువాత వచ్చిన బ్రిటిష్ వారు బడులను జాతుల వారీగా విడదీశారు. యూరోపియన్లకు ఒకటి, ఆసియా వారికి ఒకటి, ఆఫ్రికన్లకు ఒకటి. తలకు పెట్టే ఖర్చు కూడా ఆ వరసలోనే తగ్గుతూ వచ్చేది. అక్కడి భారతీయులు తమ పిల్లల కోసం సంఘాల వారీగా బడులు నడుపుకున్నారు. ఆఫ్రికన్ పిల్లల్లో ఎక్కువమందికి నాలుగో తరగతితోనే చదువు ముగిసేది. స్వతంత్రం రాగానే, 1962 నుంచి ఈ జాతిభేదం రద్దయింది.

తొలి రోజుల్లో కొత్త ప్రభుత్వం కూడా పై చదువులకే పెద్దపీట వేసింది. ఆఫీసులు నడపడానికి మనుషులు కావాలి కదా! ఆ ధోరణి మారడానికి 1966 అక్టోబరులో జరిగిన ఒక సంఘటన కొంత కారణం. పట్టభద్రులు కొంతకాలం, జీతంలో పెద్ద భాగం వదులుకుని, జాతీయ సేవ చేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. విశ్వవిద్యాలయ విద్యార్థులు రాజధానిలో ఊరేగింపు తీశారు. వలస పాలనే నయమని రాసిన అట్టలు కూడా అందులో కనిపించాయి. అధ్యక్షుడు జూలియస్ నైరేరే సుమారు నాలుగు వందల మందిని ఇళ్ళకు పంపేశారు. అంతటితో ఆగలేదు. పెద్ద జీతాలే ఈ జబ్బుకు మూలమని తన జీతం నూటికి ఇరవై వంతులు తగ్గించుకున్నారు.

నైరేరే స్వయంగా పంతులు. ప్రజలు ఆయనను 'మ్వాలిము' అనే పిలిచేవారు. ఆ మాటకు అర్థం ఉపాధ్యాయుడని. 1967 మార్చిలో ఆయన 'స్వావలంబన కోసం విద్య' అనే పత్రం వెలువరించారు. అందులోని వాదం సూటిగా ఉంటుంది. ప్రాథమిక బడి ముగించినవారిలో హైస్కూలుకు వెళ్ళేది కొద్దిమంది. ఆ కొద్దిమంది పరీక్ష కోసమే అందరికీ పాఠాలు చెబితే, మిగతావారు ఓడిపోయామన్న బాధతో ఊరికి తిరిగి వెళతారు. కాబట్టి ప్రాథమిక విద్య తనంత తానుగా సంపూర్ణం కావాలి. ప్రతి బడికీ పొలం ఉండాలి. పిల్లలు చదువుతోపాటు సేద్యమూ నేర్వాలి.

ఆ తరువాత ప్రాథమిక బడులన్నింటా బోధన స్వాహిలీలోనే సాగింది. దేశంలో నూటికి పైగా భాషలున్నాయి. స్వాహిలీ ఏ పెద్ద తెగ సొత్తూ కాదు గనుక ఎవరికీ అసూయ కలగలేదు. ఆ భాషకు శక్తి లేదనేవారికి సమాధానంగా నైరేరే షేక్స్పియర్ నాటకాలు రెండింటిని స్వాహిలీలోకి అనువదించారు. అయితే సుకుమా, చగ్గా, హయా వంటి ఇంటి భాషలకు బడిలో చోటు దక్కలేదు. నైరేరే తల్లిభాష జనకీకీ దక్కలేదు.

1974లో ముసోమా పట్టణంలో పాలక పక్షం సమావేశమై, 1977కల్లా పిల్లలందరినీ బడిలో చేర్చాలని తీర్మానించింది. అంతమంది ఉపాధ్యాయులు ఎక్కడున్నారు? ఏడో తరగతి చదివిన యువకులకే రేడియో ద్వారా, పోస్టు ద్వారా పాఠాలు చెప్పి బడి అప్పగించారు. వయోజనులు చెట్ల కింద అక్షరాలు దిద్దారు. స్వతంత్రం నాటికి అయిదు లక్షలకు లోపున్న ప్రాథమిక విద్యార్థులు 1980 దశకం తొలినాళ్ళకు ముప్ఫయి లక్షలు దాటారు. 1967లో మూడింట రెండు వంతులున్న నిరక్షరాస్యత, ప్రభుత్వ లెక్కల ప్రకారం 1986 నాటికి పదో వంతుకు తగ్గింది. ఇందులో చేదు కూడా ఉంది. బడి, ఆసుపత్రి అందించడానికని చెదురుగా ఉన్న కుటుంబాలను కొత్త గ్రామాలకు తరలించినప్పుడు చాలాచోట్ల బలప్రయోగం జరిగింది.

తరువాత చమురు ధరలు, కరవు, 1978-79లో ఉగాండాతో యుద్ధం దేశాన్ని కుంగదీశాయి. 1980 దశకంలో ఫీజులు మళ్ళీ వచ్చాయి. బడికి వచ్చే పిల్లల శాతం పడిపోయింది. 2001లో ప్రాథమిక ఫీజులు ఎత్తివేసిన మరుసటి ఏడాదే పది లక్షలకు పైగా పిల్లలు అదనంగా చేరారు. తల్లిదండ్రులకు చదువుమీద ఆసక్తి లేదన్న మాట ఎంత అబద్ధమో దీన్నిబట్టి తెలుస్తుంది. 2016 నుంచి హైస్కూలు మొదటి నాలుగేళ్ళకూ ఫీజు లేదు.

ఇక అసలు చిక్కు హైస్కూలు గుమ్మం దగ్గర ఉంది. అక్కడ బోధనభాష ఇంగ్లీషు. ఏడేళ్ళు స్వాహిలీలో లెక్కలు నేర్చిన పిల్లవాడు ఒక్కసారిగా భౌతికశాస్త్రాన్ని ఇంగ్లీషులో చదవాలి. పంతులు స్వాహిలీలో వివరించి నల్లబల్లమీద ఇంగ్లీషులో రాస్తాడు. పరీక్ష ఇంగ్లీషులోనే. హైస్కూలుకూ స్వాహిలీ పెట్టమని 1982లో అధ్యక్షుడు వేసిన సంఘమే సిఫారసు చేసింది. అది అమలు కాలేదు. 2015లో ప్రకటించిన విధానం అందుకు తలుపు తెరిచింది గాని, ఆచరణ వెనకబడే ఉంది.

తల్లిదండ్రులేమో ప్రభుత్వం చెప్పేదాకా ఆగలేదు. ముఖ్యంగా కిలిమంజారో ప్రాంతంవారు చందాలు వేసుకుని సొంతంగా హైస్కూళ్ళు కట్టుకున్నారు. పొలం చేసుకునే బిడ్డకు చదువు చాలునన్న మాట వారికి రుచించలేదు. రుచించనందుకు వారిని తప్పు పట్టే హక్కు మనకు లేదు. పల్లె బడినుంచి ఇంగ్లీషు నిచ్చెన ఎక్కే మనలో చాలామంది ఇంత దూరం వచ్చాం.

నైరేరే వేసిన ప్రశ్న మాత్రం నేటికీ నిలిచే ఉంది. నిచ్చెన ఎక్కనివాడికి బడి ఏమిచ్చింది? ఆయన ప్రభుత్వం వాడికి అక్షరం ఇచ్చింది, దేశమంతటితో మాట్లాడగల ఒక భాష ఇచ్చింది. అది చిన్న విషయం కాదు. ఆ భాషలోనే పై మెట్టుకు దారి వేయకపోవడమే అక్కడ మిగిలిపోయిన పని.