నిండు ఎరుపు కథ

అంగుళం పైచిలుకు ఎత్తుండే సైనికుడి బొమ్మలకు రంగులు వేసేవాళ్లలో ఎవరినడిగినా, ఏడిపించే రంగులు రెండంటారు: పసుపు, ఎరుపు. పసుపు సంగతి మరోసారి చెప్పుకుందాం. ఎరుపుతో తంటా మొదటి పూత దగ్గరే మొదలవుతుంది. అడుగుపూతగా నల్ల ప్రైమర్ కొట్టిన బొమ్మ మీద సీసాలోంచి ఎరుపు తీసి పూస్తే కింద నలుపు తొంగిచూస్తూనే ఉంటుంది. పోనీ కాస్త చిక్కగా పూద్దామంటే కవచం మీది గీతలు, మేకులు, ముఖంలోని కళ్లూ పూడిపోతాయి. వెలుగు పడే చోట చూపించడానికి తెలుపు కలిపితే గులాబీ అవుతుంది. నీడ కోసం నలుపు కలిపితే మురికి గోధుమరంగులోకి దిగుతుంది. నీలానికి ఈ బాధ లేదు. తెలుపు కలిస్తే లేత నీలమవుతుంది తప్ప వేరే రంగైపోదు. ఎరుపుకే ఆ శాపం.

మొదట్లో ఈ తంటా ఎవరికీ పట్టలేదు. 1893లో ఇంగ్లండులో విలియం బ్రిటన్ కంపెనీ లోపల గుల్లగా ఉండే సీసం సైనికుల్ని పోతపోయడం మొదలుపెట్టింది. బొమ్మ తేలికైంది, ధర తగ్గింది, పిల్లల చేతికి అందింది. 1645 నాటి న్యూ మోడల్ ఆర్మీ దగ్గర్నుంచీ ఇంగ్లీషు సైనికుడంటే ఎర్రకోటు తొడుక్కున్నవాడే కాబట్టి ఆ బొమ్మలకూ ఎర్రకోటునే వేశారు. హెచ్.జి. వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ రాసి, నేల మీద ఆడే యుద్ధానికి నియమాలు కట్టింది ఇలాంటి బొమ్మలతోనే. వాటి మీద ఉన్నది ఒక్క పూత నిగనిగలాడే ఎనామెల్. దుకాణం అద్దంలోంచి చూసే పిల్లవాడికి అది చాలు. ఎరుపే, కాదనను. నిండు ఎరుపు మాత్రం కాదు.

రంగుకు నిండుదనం వచ్చేది పైపూత వల్ల కాదు. వెలుతురు పైపొరను దాటి లోపలికి వెళ్లి, కింది పొరను తాకి, మళ్లీ పైపొరలోంచే వెనక్కి రావాలి. రెండుసార్లు వడకట్టిన ఆ వెలుతురునే మన కన్ను లోతు అంటుంది. అయిదారు వందల ఏళ్ల క్రితమే యూరప్ తైలవర్ణ చిత్రకారులకు ఈ గుట్టు తెలుసు. ఎర్రటి వస్త్రం గీయాలంటే ముందు ఇంగిలీకంతో మడతలు, వెలుగునీడలు తీర్చేవారు. అది ఆరాక లక్క నుంచో కోచినీల్ పురుగు నుంచో తీసిన పారదర్శకమైన ఎరుపును నూనెలో పలచగా కలిపి దాని మీద పొరలు పొరలుగా పరిచేవారు. కింద కప్పే రంగు, పైన కనిపించనిచ్చే రంగు. ఆ తర్వాత బొమ్మల లోకంలో జరిగిందంతా ఈ సూత్రాన్ని మళ్లీ తవ్వి తీసుకోవడమే.

అంత పాత విద్య బొమ్మల దాకా రావడానికి అంతకాలం ఎందుకు పట్టింది? సరుకు లేక. ఇంగిలీకంలో పాదరసం ఉంది. దాని స్థానంలోకి వచ్చిన కాడ్మియం ఎరుపు కూడా భారలోహమే. పిల్లలు ఆడుకునే బొమ్మల రంగుల్లో వాటికి చోటు లేదు. ఐరన్ ఆక్సైడ్ ఎరుపు చవక, బాగా కప్పుతుంది, కానీ ఎప్పటికీ ఇటుకరంగే. కర్బన రసాయనాలతో చేసిన ఎరుపుల్లో కళ ఉంది, కప్పే గుణం లేదు. 1958లో డ్యూపాంట్ కంపెనీ అమ్మకానికి తెచ్చిన క్వినాక్రిడోన్ వర్ణకాలు పైపొర సమస్యను చాలావరకు తీర్చాయి. పారదర్శకంగా ఉండి, వెలుతురుకు వెలిసిపోని ఎరుపులు అవి.

రెండో మేలు పొరపాటున జరిగింది. అమెరికాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ రసాయన శాస్త్రవేత్త డొనాల్డ్ ఫార్నమ్ బృందం అజెటినోన్ అనే పదార్థం తయారుచేయాలనుకుంది. బెంజోనైట్రైల్, ఇథైల్ బ్రోమోఅసిటేట్, జింకు కలిపి చూశారు. కోరింది రాలేదు. దేంట్లోనూ సరిగా కరగని ఎర్రటి పొడి కొద్దిగా మిగిలింది. 1974లో దాని నిర్మాణం వివరిస్తూ చిన్న పత్రం అచ్చువేసి ఊరుకున్నారు. ఆ పత్రం రాసిన నలుగురిలో గోవర్ధన్ మెహతా ఒకరు. తర్వాత హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి వచ్చి, 1994 నుంచి 1998 దాకా అక్కడే వైస్ ఛాన్సలర్‌గా ఉన్న మెహతాగారే. ఎర్రరంగు కథ ఎక్కడెక్కడో తిరిగి గచ్చిబౌలిని కూడా తాకిందన్నమాట.

ఆ పొడి విలువ కనిపెట్టింది స్విట్జర్లాండ్‌లోని సీబా-గైగీ కంపెనీవాళ్లు. అబుల్ ఇక్బాల్, లూయీ కసార్ దాన్ని తయారుచేయడానికి సక్సినిక్ ఎస్టర్‌తో లాభసాటి మార్గం పట్టారు. 1983లో పేటెంట్ వచ్చింది, 1986లో సరుకు బజారుకెక్కింది. దీని అణువులు పలకల్లా చదునుగా ఉండి, పక్క అణువులతో హైడ్రోజన్ బంధాలతో గట్టిగా పెనవేసుకుంటాయి. అందుకే కరగదు, ఎండకు వెలిసిపోదు. కార్ల కంపెనీలు ఎగబడ్డాయి. ఈ కుటుంబంలోని పిగ్మెంట్ రెడ్ 254 అనే వర్ణకానికి ఫెరారీ ఎరుపని పేరు కూడా పడింది. చిత్రకారుల ఆక్రిలిక్ ట్యూబుల మీద ‘పైరోల్ రెడ్’ అని కనిపించేది ఇదే. కాడ్మియానికి దీటుగా కప్పగలిగే రకాలు ఇందులో దొరికాయి.

ఇంతలో ఇంగ్లండులో ఆట మారింది. 1975లో మొదలైన గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ 1983లో వార్‌హామర్ అనే బొమ్మల యుద్ధపు ఆటను, 1987లో వార్‌హామర్ 40,000ను తెచ్చింది. అందులో బ్లడ్ ఏంజెల్స్ అనే దళానికి తల నుంచి కాలి దాకా ఎర్రకవచం. ఎరుపు వేయడం చేతకానివాడు ఆ సేనను ఎంచుకోవడానికి లేదు. 1990ల మొదటి సగంలో ఆ కంపెనీ బొమ్మల్లో ఎరుపు ఎంత రాజ్యమేలిందంటే, అభిమానులు ఇప్పటికీ దాన్ని ఎర్ర యుగమనే అంటారు. కళ్లు జిగేలుమనే ఎరుపే గానీ లోతు తక్కువ. పాత ఎనామెల్ కోటుకు అది దగ్గరి చుట్టమే.

అసలైన మలుపు నా లెక్కలో 2007ది. ఆ ఏడు గేమ్స్ వర్క్‌షాప్ వారి సిటాడెల్ ఫౌండేషన్ రంగులు వచ్చాయి. వర్ణకం దండిగా దట్టించినవి. వాటిలో మెక్రైట్ రెడ్ చూడ్డానికి అందవిహీనంగా, గోధుమ వైపు మొగ్గిన ఎరుపు. దాన్ని నల్ల ప్రైమర్ మీద పూస్తే మాత్రం ఒకటి రెండు పూతలకే కప్పేసింది. చిత్రకారుల ఇంగిలీకానికి బదులు దొరికిందన్నమాట. ఆ తర్వాత వాష్‌లు వచ్చి మడతల్లోకి జారే నీడలిచ్చాయి. 2012లో రంగుల వరుసంతా మారి పారదర్శకంగా పూసే గ్లేజ్‌లు కూడా చేరాయి. 2019 నాటి కాంట్రాస్ట్ రంగులు ఒక్క పూతలోనే నీడ, వెలుగు రెండూ ఇస్తామన్నాయి. తెల్లటి అడుగు మీద అవి పనిచేస్తాయి, సందేహం లేదు. వెడల్పాటి కవచం పలక మీద చారలు కట్టే గుణం వాటికుంది. పెద్ద సేనను త్వరగా ముగించాలంటే మంచివే. నిండు ఎరుపుకు మాత్రం నేను పాత దారినే నమ్ముతాను.

ఆ దారి ఇలా నడుస్తుంది. బొమ్మ భుజాన వేలాడే దుప్పటి తీసుకోండి. ముదురు గోధుమ ఎరుపు మొత్తం పూస్తారు. మడతల లోతుల్లో వంకాయరంగో ముదురు ఆకుపచ్చో కొద్దిగా కలిపిన ఎరుపు వేస్తారు. ఎరుపును చంపకుండా నీడనిచ్చేది అదే, నలుపు కాదు. మడతల శిఖరాల మీద అసలు ఎరుపు, ఆ పైన సన్నగా నారింజ. ఈ దశలో బొమ్మ వికారంగా, రంగురంగుల పట్టీలు అతికించినట్టు ఉంటుంది. కంగారు పడనక్కర్లేదు. పారదర్శకమైన ఎరుపును పాలకన్నా పలచగా చేసి, కుంచెను గుడ్డకు ఒత్తి, మొత్తం మీద ఒక పొర తుడిచినట్టు వేస్తారు. ఆరనిచ్చి ఇంకోటి. నారింజ లోపలికి దిగి వెలుగవుతుంది. వంకాయరంగు కరిగి లోతవుతుంది. పట్టీలు మాయమవుతాయి.

చివర్లో చాలామంది చేసిందంతా వార్నిష్‌తో పాడుచేసుకుంటారు. పూర్తి మ్యాట్ వార్నిష్ గరుకుగా ఉండి వెలుతురును పైనే చెదరగొడుతుంది. ఆ చెదిరిన తెలుపు ఎరుపు మీద సున్నపు పొరలా కమ్ముతుంది. కొద్దిగా మెరిసే సాటిన్ రకం వాడితే లోతు నిలుస్తుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఒక మాట. బొమ్మల రంగుల కంపెనీలు చాలావరకు సీసా మీద వర్ణకం సంఖ్య వేయవు. చిత్రకారుల ఆక్రిలిక్ రంగుల మీద ఉంటుంది, చూసి కొనండి. ఎర్ర సీసాలు అరడజను కొనే డబ్బుతో కప్పే గోధుమ ఎరుపు ఒకటి, పారదర్శకమైన ఎరుపు ఒకటి, నారింజ ఒకటి, వంకాయరంగు ఒకటి తెచ్చుకోండి. ఈ నాలుగూ చాలు.