తెగిన దారము నేర్పిన పాఠము

హైదరాబాదునుండి బెంగుళూరు పోవు రహదారిపై శంషాబాదు దాటి షాద్‌నగరు వరకు వెళ్ళినచో, దారి పొడవునను కర్మాగారములు కనిపించును. 2008 లో శంషాబాదున విమానాశ్రయము ప్రారంభమైనది. కొత్తూరు పరిసరములలో పెద్ద సంస్థల కర్మాగారములతోపాటు చిన్న పరిశ్రమలును కలవు. చిన్న పరిశ్రమ నడుపువారికి ఒక ప్రశ్న ఎప్పుడును ఎదురగుచునే యుండును. కొత్త యంత్రములు కొనకుండ, పనివారిని తీసివేయకుండ, ఉన్న వసతులతోనే ఎక్కువ సరకును, మేలైన సరకును తయారుచేయుట ఎట్లు? దీనికి గత శతాబ్దిలో లభించిన సమాధానములలో ముఖ్యమైనది 'లీన్' నిర్వహణ. లీన్ అనగా అనవసరమైన కొవ్వు లేనిది. సరకు విలువను పెంచని శ్రమను, నిలువను, నిరీక్షణను తొలగించుటయే దీని సారాంశము.

ఈ పద్ధతి చరిత్ర మోటారు కారుతో గాక మగ్గముతో మొదలైనది. నేతలో ఒక పోగు తెగినప్పుడు వెంటనే గమనింపకున్నచో గుడ్డ పాడగును. అందుచేత మరమగ్గముల ప్రక్కన మనిషి కావలి కాయవలసి యుండెను. జపానుకు చెందిన సాకిచి టొయోడా, దారము తెగినంతనే తనంతట తాను ఆగిపోవు మగ్గమును నిర్మించెను. 1924 లో పూర్తియైన ఆయన స్వయంచాలక మగ్గము హక్కులను ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్ సంస్థ 1929 లో కొనెను. యంత్రము ఆగుట నష్టము కాదు. లోపముతో నడచుటయే నష్టము. ఈ చిన్న సూత్రమే తరువాతి కథకు మూలము.

సాకిచి కుమారుడు కీచిరో 1937 లో టొయోటా మోటారు సంస్థను స్థాపించెను. యుద్ధానంతరము జపానులో వ్యాపారము మందగించినది. బండ్లు అమ్ముడుపోక పేరుకొనిపోయినవి, జీతములు ఆలస్యమైనవి. 1950 లో కార్మికులు సమ్మె చేసిరి. చివరకు సుమారు 2,000 మంది ఉద్యోగములు వదలుకొనవలసి వచ్చెను. కీచిరో కూడ అధ్యక్షపదవికి రాజీనామా యిచ్చెను. కొనువారు లేని సరకును తయారుచేయుట ఎంతటి అపాయమో అందరకును తెలిసివచ్చినది.

ఆ కర్మాగారమున పనిచేయుచుండిన తైచి ఓనో కొత్త ఏర్పాటు మొదలిడెను. దుకాణములో అమ్ముడైన సరకు మేరకే మరల తెచ్చి నింపినట్లు, తరువాతి దశవారు వాడుకొన్న భాగములను మాత్రమే ముందు దశవారు తయారుచేయవలెను. ఎన్ని కావలెనో తెలుపుటకు ఒక చీటీ వాడిరి. దానినే 'కాన్‌బాన్' అందురు. లోపము కనిపించినప్పుడు పనిని నిలుపు అధికారము సామాన్య కార్మికునకే ఇచ్చిరి. ఈ పద్ధతికి లీన్ అను పేరు వచ్చినది 1988 లో. పెట్టినవాడు జాన్ క్రాఫ్‌చిక్ అను అమెరికా పరిశోధకుడు.

ఇది మన దేశమున ఫలించునా? 2008 లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు నికొలాస్ బ్లూమ్, ఆయన సహచరులు ముంబాయి సమీపమున 17 వస్త్ర సంస్థలలో ఒక ప్రయోగము ప్రారంభించిరి. కొన్ని మిల్లులకు సలహాదారులు నెలల తరబడి తోడ్పడిరి. మిగిలినవానిని పోల్చి చూచుటకు ఉంచిరి. నేర్పినవి అద్భుతములు కావు: నేలను శుభ్రముగ నుంచుట, నూలు నిలువను వరుసగ సర్ది గుర్తులు కట్టుట, మగ్గము ఆగిన కారణమును, గుడ్డలోని లోపములను ప్రతిదినము వ్రాయుట. సహాయము పొందిన మిల్లులలో మొదటి సంవత్సరమే ఉత్పాదకత 17 శాతము పెరిగినది.

కాని పరిశోధకులు 2017 లో మరల వెళ్ళి చూడగా, నేర్చిన పద్ధతులలో దాదాపు సగము మూలబడియుండెను. ముఖ్యకారణములు రెండు: మిల్లు నిర్వాహకులు మారిపోవుట, సంస్థాధిపతులకు తీరిక లేకపోవుట. ఐనను పోల్చి చూచిన మిల్లులకంటె ఇవి మెరుగుగనే యుండెను.

దీనినిబట్టి తెలియునదేమి? పద్ధతిని బయటివారు నేర్పవచ్చును గాని, నిలుపవలసినవాడు యజమానియే. ఆయన ప్రతిదినము యంత్రము వద్దకు పోయి, నిన్న వ్రాసిన లెక్కను నేడు చూడవలెను. లోపమును చూపిన కార్మికుని మందలించినచో, మరునాడు ఎవరును లోపమును చూపరు. మిగిలిన శ్రమ తన ఉద్యోగమునకే ఎసరు తెచ్చునని భయపడువాడు శ్రమను మిగుల్చు ఉపాయము చెప్పడు.

చిన్న పరిశ్రమలలో లీన్ వ్యాప్తికై భారతప్రభుత్వము 2009 లో ఒక పథకమును చేపట్టి, 2023 మార్చిలో దానిని సవరించి మరల ప్రకటించినది. కొత్త పథకమున సలహాదారుల ఖర్చులో 90 శాతము ప్రభుత్వమే భరించును. యజమాని వెచ్చింపవలసిన తీరికను, ఓర్పును మాత్రము ఏ పథకమును భరింపజాలదు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే ప్రయోగించి చూపవచ్చును. విద్యార్థులు, అనుమతి పొంది, సమీపములోని పిండిమరవద్దనో దర్జీ దుకాణమువద్దనో ఒక గంటసేపు నిలిచి, పని జరిగిన నిమిషములను, వస్తువును వెదకుటకు, వేచియుండుటకు పోయిన నిమిషములను వేరువేరుగ వ్రాయవలెను. తెగిన దారము ఎక్కడ నున్నదో ఆ రెండు వరుసలే చెప్పును.