యుద్ధం నుంచి వచ్చిన పిల్లలు, సాకిన ఇళ్లు

1991 మార్చి 23న రెవల్యూషనరీ యునైటెడ్ ఫ్రంట్ తిరుగుబాటుదారులు లైబీరియా సరిహద్దు దాటి సియెర్రా లియోన్‌లోని బొమారు ఊరి మీద పడ్డారు. కైలాహున్ జిల్లాలో, దేశానికి తూర్పు కొసన ఉన్న ఊరది. అక్కడ మొదలైన యుద్ధం దాదాపు పదకొండేళ్లు సాగింది. 50,000 మందికి పైగా చనిపోయారని అంచనా. జనాభాలో సగం మంది ఇల్లూ వాకిలీ వదిలి పారిపోయారు. తిరుగుబాటుదారులే కాదు, ప్రభుత్వం వైపు పోరాడిన దళాలు కూడా పిల్లల చేతికి తుపాకులిచ్చాయి. 2002 జనవరిలో యుద్ధం ముగిసిందని ప్రకటించేనాటికి ఆయుధాలు అప్పగించిన 72,000 మందిలో 6,800 మంది దాకా పిల్లలే. అడవిలో పోరాడేవాళ్లకు ‘భార్యలు’గా బతికిన ఆడపిల్లల్లో చాలామంది ఈ లెక్కలోకే రాలేదు.

ఈ పిల్లల మీద పుస్తకాలు వచ్చాయి, సినిమాలు వచ్చాయి. వాళ్లను గడప దాటి లోపలికి రానిచ్చిన మేనత్తలు, అమ్మమ్మలు, బాబాయిల మీద వచ్చినవి మాత్రం తక్కువ. ఇష్మాయిల్ బేయా సంగతే చూడండి. బాలసైనికుడిగా తన జీవితం గురించి 2007లో ఆయన వెలువరించిన ఆత్మకథను ప్రపంచమంతా చదివింది. పునరావాస కేంద్రం నుంచి ఆయన్ని ఫ్రీటౌన్‌లోని తన ఇంటికి తీసుకెళ్లింది బాబాయి. 1997 సైనిక తిరుగుబాటు రోజుల్లో ఆ బాబాయి జబ్బుపడి, వైద్యం అందక చనిపోయాడు. పిల్లవాడికి నీడనిచ్చిన పెద్దమనిషికి ఆదుకునేవాళ్లు లేకపోయారు.

పిల్లల్ని బంధువుల ఇంట పెంపకానికి పంపడం అక్కడ యుద్ధానికి చాలా ముందు నుంచీ ఉన్న ఆచారం. బడి కోసం పల్లెటూరి పిల్లలు బో పట్నంలోనో కెనెమాలోనో ఉన్న మేనత్త ఇంటికి చేరడం మామూలు. అక్కడ నీళ్లు మోయాలి, కట్టెలు తేవాలి, సంతలో గంప పెట్టుకుని అమ్మాలి. కష్టపడనిదే పిల్లలు పైకి రారని మెండే జాతివాళ్ల గట్టి నమ్మకం. అక్కడి పెంపకాల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన కరోలిన్ బ్లెడ్సో ఈ సంగతి వివరంగా రాశారు. యుద్ధం ముగిశాక వేలమంది పిల్లల్ని తాత్కాలిక శిబిరాల నుంచి ఇళ్లకు చేర్చినప్పుడు యూనిసెఫ్ వంటి సంస్థలకు దన్నుగా నిలిచింది ఈ పాత ఆచారమే. తల్లిదండ్రులు దొరకని పిల్లల్లో చాలామందికి ఎవరో ఒక చుట్టం దొరికారు.

సియెర్రా లియోన్ ఉత్తరాది ఊళ్లలో ఈ పిల్లల రాక ఎలా ఉండేదో మానవశాస్త్రవేత్త రోజలిండ్ షా రాశారు. ఇంటి పెద్ద ఒక గిన్నెలో నీళ్లు తీసుకుని దేవుణ్ణీ పూర్వీకుల్నీ తలచుకుని ప్రార్థించేవాడు. ఆ నీళ్లు పిల్లవాడి ఒంటికి రాసేవారు. మనసు చల్లబడాలని కోరుకునేవారు. యుద్ధంలో ఏం చేశావని అడిగేవారు కాదు. అలా అడగకపోవడం కూడా ఆ వైద్యంలో భాగమే.

కానీ ఆ నీళ్లు రాసిన చేతులు ఎవరివి? వాళ్లూ శిబిరాల్లో తలదాచుకుని వచ్చినవాళ్లే, కళ్లముందు ఇల్లు కాలిపోగా చూసినవాళ్లే. ఊరివాళ్లు ‘రెబెల్’ అని పిలిచే పిల్లవాణ్ణి ఇంట్లో ఉంచుకుంటే ఆ మాట ఇంటిల్లిపాదికీ తగులుతుంది. బిడ్డనెత్తుకుని వచ్చిన ఆడపిల్ల ఉంటే సాకాల్సిన నోళ్లు రెండు. సాయం వచ్చినా చాలాచోట్ల అది బడికే చేరింది. మాజీ బాలసైనికుల్ని ఫీజు లేకుండా చేర్చుకున్న బడులకు యూనిసెఫ్ పుస్తకాలు, సామగ్రి ఇచ్చేది. ఆ ఏర్పాటు మంచిదే. కానీ పొద్దున్న బడికి పంపే ముందు గంజి కాచిపోసే మనిషికి అందులో దక్కిందేమీ లేదు.

పోనీ మనసు కుదుటపడని బిడ్డను ఆసుపత్రికి తీసుకెళదామంటే అప్పట్లో ఉన్నది ఒక్కటే. ఫ్రీటౌన్‌లోని కిస్సీ మానసిక ఆసుపత్రి చరిత్ర 1820ల దాకా వెళుతుంది. సహారాకు దిగువన ఉన్న ఆఫ్రికాలో అంతకన్నా పాతది లేదంటారు. యుద్ధం తర్వాత కూడా చాలాకాలం దేశమంతటికీ మనోవైద్యుడు ఎడ్వర్డ్ నహిమ్ ఒక్కరే. అప్పటి మానసిక ఆరోగ్య చట్టం 1902 నాటిది. రోగుల్ని గొలుసులతో కట్టేయడం యుద్ధం తర్వాత కూడా చాలా ఏళ్లు సాగింది. కన్నబిడ్డనో పెంచిన బిడ్డనో అక్కడ వదిలి రావడానికి ఎవరికి మనసొప్పేది?

ఈ నేపథ్యంలో 2002లో థెరెసా బెటాన్‌కోర్ట్ అనే అమెరికా పరిశోధకురాలు, యుద్ధం చవిచూసిన 500 మందికి పైగా పిల్లల జీవితాల్ని వెన్నంటి చూసే అధ్యయనం మొదలుపెట్టారు. 2004లో, 2008లో మళ్లీ వెళ్లి కలిశారు. యుద్ధంలో చూసిన ఘోరాలొక్కటే వాళ్ల భవిష్యత్తును తేల్చలేదని, తిరిగొచ్చాక ఇల్లూ ఊరూ ఎలా ఆదరించాయన్నది కూడా చాలా ముఖ్యమని తేలింది. ఆ అనుభవంలోంచి ‘యూత్ రెడీనెస్ ఇంటర్వెన్షన్’ అనే చికిత్స పుట్టింది. దీనికి డాక్టర్లు అక్కర్లేదు, శిక్షణ పొందిన స్థానికులే నడుపుతారు. కుర్రాళ్లు ఒక గుంపుగా, అమ్మాయిలు వేరే గుంపుగా కూర్చుంటారు. కడుపు నిండా ఊపిరి పీల్చి మెల్లగా వదలడం, కోపాన్ని అదుపు చేసుకోవడం, సమస్యను విడదీసి ఒక్కొక్కటిగా తేల్చుకోవడం, ఎదుటివాళ్లతో పొత్తుగా మసలుకోవడం నేర్చుకుంటారు. ఫ్రీటౌన్‌లో 15 నుంచి 24 ఏళ్ల వయసున్న 436 మంది మీద దీన్ని పరీక్షించారు. 2014లో వెలువడిన ఫలితాల ప్రకారం చికిత్స ముగిసిన వెంటనే కోపతాపాల అదుపు, తోటివాళ్లతో నడవడి మెరుగయ్యాయి. నెలలు గడిచాక ఆ తేడా చాలావరకు తగ్గినా, బడిలో నిలదొక్కుకోవడంలో మేలు కనిపించింది.

చికిత్స తీసుకున్నది కుర్రవాడే కావచ్చు. కానీ ఫలితం మొదట తెలిసేది అతనితో ఒకే కప్పు కింద పడుకునేవాళ్లకి. గిన్నె విసిరికొట్టకుండా లేచి బయటికి వెళ్లిన రోజున, ఆ మేనత్తకు పొరుగింటి గొడవ ఒకటి తప్పుతుంది, సంతకు వెళ్లడానికి ఒక పూట మిగులుతుంది. ఇలాంటి చికిత్సల విలువను లెక్కగట్టేటప్పుడు సాకేవాళ్ల నిద్రను, సంపాదనను, భయాన్ని కూడా లెక్కలోకి తీసుకోకపోతే ఆ లెక్క తప్పే అవుతుంది.

2014లో ఎబోలా వచ్చింది. మళ్లీ కైలాహున్‌లోనే మొదలైంది. దేశంలో 3,900 మందికి పైగా ప్రాణాలు తీసి, ఎందరో పిల్లల్ని మళ్లీ అత్తల, అమ్మమ్మల గడపల్లోకి పంపింది. ఆ తర్వాత ఇదే చికిత్సను కైలాహున్, కోనో, కొయినాడుగు జిల్లాల్లో, చిన్న వ్యాపారం నేర్పే శిక్షణతో కలిపి 18 నుంచి 30 ఏళ్లవాళ్లకు అందించారు. బెటాన్‌కోర్ట్ బృందం 2016, 2017ల్లో నాలుగోసారి వెళ్లేసరికి, ఒకప్పుడు కలిసిన ఆ పిల్లల్లో చాలామంది తల్లులూ తండ్రులూ అయిపోయారు. ఈసారి వాళ్లతోపాటు వాళ్ల భర్తల్నీ, భార్యల్నీ, బిడ్డల్నీ కూడా కూర్చోబెట్టి అడిగారు.