ముఖవ్రణములు (వార్ధక్యమున)

వయస్సు మీఱిన కొలది నోటి లోపలి పొర పలుచనగుట చేతను, నిత్యము సేవించు ఔషధముల వలన లాలాజలము తఱుగుట చేతను, కట్టుడు పండ్ల యొరపిడి చేతను, చిరకాలపు పొగాకు వాడుక చేతను వృద్ధుల నోటియందు పుండ్లు, తెల్లమచ్చలు, కందిన యెఱ్ఱమచ్చలు తఱచుగ గానవచ్చును. వీనిలో పెక్కు నిరపాయములు; రాత్రియు దీయక ధరించు పండ్లసెట్టు క్రింద అంగిలి కందుట యట్టిది.

అయినను వీని వ్యాప్తి యెల్లెడల నొక్కతీరున నుండదు. ఆయా ప్రాంతపు అలవాట్లే దానిని నిర్ణయించును. ఇందులకు శ్రీకాకుళ మండలముకంటె స్పష్టమైన నిదర్శనము అరుదు. అచటి పల్లెలలో, ముఖ్యముగ నడివయస్సు దాటిన స్త్రీలు, చుట్టను వెలిగించి నిప్పుకొనను నోటిలోనికి ద్రిప్పి పీల్చుదురు. దీనిని అడ్డపొగ యందురు. చేతులు రెండును పనిలోనుండగనే, గాలికి చుట్ట ఆఱిపోకుండ చాలసేపు పీల్చుటకు వీలగుట యీ పద్ధతిలోని సౌకర్యము. నిప్పు సెగయు పొగయు తిన్నగ తగులుటచే అంగిటిపై తొలుత తెల్లని మందపుపొర, దాని నడుమ చిన్న యెఱ్ఱని చుక్కలు, పిదప పగుళ్లును పుండ్లును గలుగును. పిండ్‌బోర్గ్, మెహతా మున్నగు పరిశోధకులు ఆ మండలమున 10,169 మంది గ్రామీణులను పరీక్షించి 1971లో ప్రకటించిన వ్యాసమున, నూటికి 40 మందికి మించి అడ్డపొగ త్రాగువారని తేలినది. అన్యత్ర అరుదగు అంగిటి క్యాన్సరు అచట తఱచగుట యిందువలననే.

నొప్పి లేదుగదా యని యుపేక్షించుట పెద్దలలో గల పెద్ద పొరపాటు. క్యాన్సరుగ మాఱు వ్రణము తొలిదశలో నొవ్వకుండుటయే తఱచు. రెండు వారములకు మానని పుండును వైద్యునికి జూపవలయును.